టవర్ ఆయుష్షు

“అరవై తీసెయ్. వంద పెట్టు” అన్నాడు శశిధర్, సాత్విక భుజం వెనక నుంచి స్క్రీన్ మీదకు వంగి.

సాత్విక మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. “వందేళ్ళా? గట్ల ఎట్ల పెడ్తం సార్?”

“వేళ్ళతో. ఐదింటికి పోర్టల్ మూసేస్తారు. ఇప్పుడు మూడున్నర.”

గురుగ్రామ్‌లో ముప్పై రెండంతస్తుల టవర్ అది. సిమెంటు బట్టీ దగ్గర్నుంచి చివరికి కూలగొట్టి శిథిలాలు ఎత్తేదాకా దానివల్ల గాలిలో కలిసే కర్బనమంతా లెక్కగట్టి, అది నిలిచే ఏళ్ళతో భాగించాలి. ఏడాదికి వచ్చిన అంకె హద్దు దాటితే కట్టడానికి అనుమతి ఇవ్వరు. కొత్త నిబంధన అది. సాత్విక లెక్కలో హద్దు దాటింది. ఆయుష్షు వందేళ్ళని రాస్తే మాత్రం దాటదు. ఒక్క ఇటుక కూడా మార్చక్కర్లేదు.

“రెండు బేస్‌మెంట్లు తగ్గిద్దం సార్. సిమెంట్ల కొంత ఫ్లై యాష్, గదే బొగ్గు బూడిద, కలుపుదం. నిజంగనే తగ్గుతది. పదిహేను రోజుల్సంది గదే పని మీద ఉన్న.”

“క్లయింట్‌కి చూపించాను. ప్లాన్‌లో ఒక్క గీత కూడా మార్చనన్నాడు.” శశిధర్ వాచీ చూసుకున్నాడు. “చూడు యార్, వందేళ్ళు నిలుస్తుందని నథానియేలు గారు సంతకం పెడితే నీకేం బాధ? ఆయన కాదంటే నేనూ అడగను. సరేనా?”

సాత్వికకు ప్రాణం లేచొచ్చింది. భవనం ఎన్నేళ్ళు నిలుస్తుందో తేల్చాల్సిన స్ట్రక్చరల్ ఇంజనీరు ఆయనే. ఇనుము కాస్త సన్నబడినా స్లాబు పని ఆపించేస్తారని పేరు. ఆయన చేత కాదనిపిస్తే చాలు. కాగితాలు పట్టుకుని ఆయన ఆఫీసుకు క్యాబ్ ఎక్కింది.

క్యాబ్ రెండు సిగ్నళ్ళు దాటి ఆగిపోయింది. ముందు బస్సు, పక్కన ట్రక్కు. టైము నాలుగు దాటింది. ఇక కూర్చోలేకపోయింది.

“భయ్యా, యహీఁ రోక్ దో.”

దిగి, దుమ్ములో అర కిలోమీటరు పరుగులాంటి నడక నడిచింది.

నథానియేలు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ తల ఎత్తారు. “ఏంటమ్మా ఆ ఆయాసం?”

“సార్, ఆడ భూమిల నీళ్ళు ఉప్పువి. ఇనుము తుప్పువడ్తది. వందేళ్ళు ఎట్ల నిలుస్తది? నిలవదని ఒక్క ముక్క రాసియ్యండి.”

ఆయన కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు. బిల్డరు పేరు దగ్గర ఆగారు. పెన్ను మూత తీసి సంతకం పెట్టి, ముద్ర వేసి ఆమె చేతికిచ్చారు. నిలబడుతుందనే.

సాత్విక ఆ కాగితాలు తిరిగి బల్ల మీద పెట్టేసింది.

“మీరు కూడానా సార్? మీరే దిక్కనుకొని వచ్చిన!”

“మంచినీళ్ళు తాగమ్మా.”

“నాకొద్దు. ఉద్యోగం పోతే పోనీ, నేనిది పంపను. లెక్క తప్పైతే అయింది, ఆ టవర్ల పిల్లలతోని కాపురం ఉంటరు సార్. ఇరవై ఏళ్ళకే పెచ్చులూడి మీద పడితే ఎవరిది పాపం?”

“ఎవరి మీదా ఏమీ పడదు.”

“గంత నమ్మకంగ ఎట్ల చెప్తున్నరు?”

నథానియేలు గారు కిటికీ వైపు చూశారు. ఆమె ముఖంలోకి చూసి చెప్పలేకపోయారు.

“ఈ బిల్డరుకి నేను సంతకం పెట్టడం ఇది నాలుగోసారమ్మా. అనుమతి కాగితం చూపించి ఫ్లాట్లన్నీ అమ్మేసుకుంటాడు. ముందటి మూడు చోట్లా ఇప్పటికీ గేదెలే మేస్తున్నాయి.”