తొందరేం లేదండీ

లయొనెల్ క్రాస్లీ కోసం లండన్ పత్రిక నుంచి మనిషి వచ్చిందంటే ఆయన చెల్లెలు విన్నీయే నమ్మలేదు.

"నీ కోసమేనా అన్నయ్యా? అడ్రసు సరిగ్గా చూసుకుందా ఆ పిల్ల?" అంది.

ఒకప్పుడు క్రాస్లీ నవల వచ్చిందంటే లండన్ పుస్తకాల షాపుల ముందు జనం మూగేవారు. యుద్ధం అయ్యాక పాఠకుల రుచి మారిపోయింది. ఇప్పుడు సఫోక్ తీరంలోని ఈ పల్లెలో ఆయన పేరు చెబితే, "ఎవరూ, కుక్కని తిప్పే ముసలాయనా?" అంటున్నారు. ఊరి లైబ్రరీ వాళ్లు ఆయన పుస్తకాలు తీసేసి చర్చి సంతలో అమ్మకానికి పెట్టారు. అక్కడా ఎవరూ ముట్టలేదు.

లయొనెల్ లోలోపల కుతకుత ఉడికిపోయేవాడు. కళ్లు మూసేలోగా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తన గురించి పేపర్లో చదువుకోవాలి. అంతకు మించి ఆయనకి కోరికల్లేవు.

వచ్చిన పిల్ల పేరు మిస్ హార్‌గ్రీవ్. టీ తాగుతూ ఎంత ఓపిగ్గా అడిగిందో! ఎక్కడ పుట్టారు, ఏ బడిలో చదివారు, మొదటి నవల ఎలా రాశారు, కాలం చేసిన భార్య పేరులో ఏ అక్షరాలొస్తాయి.

"కుటుంబంలో ఇప్పుడు మీ చెల్లెలుగారు ఒక్కరేనాండీ?"

"ఇదొక్కతే. అదే ఎక్కువ," అన్నాడు లయొనెల్. విన్నీ ఆయన ముందున్న కేకు పళ్లెం లాగేసుకుంది.

ఆ పిల్ల తను రాసుకున్నదాంట్లో ఒక ముక్క చదివి వినిపించింది. "సముద్రాన్ని క్రాస్లీలా రాసినవారు ఇంగ్లండులో మరొకరు లేరు."

ముసలాయన ఆ ముక్క మళ్లీ చదివించుకున్నాడు. ఇన్నేళ్లకి ఒక మంచి మాట!

"ఎప్పుడు వేస్తారమ్మా? ఈ ఆదివారమా?"

ఆ పిల్ల మొహం కందిపోయింది. "అయ్యయ్యో, తొందరేం లేదండీ. ఎంత ఆలస్యమైతే మాకంత సంతోషం."

లండన్ వాళ్ల మర్యాదలు ఇలాగే ఏడుస్తాయి అనుకున్నాడు. ఊరంతా చాటేశాడు.

ఆదివారం పేపర్లో వ్యాసం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. వేసవి పోయి ఆకులు రాలే కాలం వచ్చింది. పేపర్లమ్మే టిబ్స్‌కి మంచి కాలక్షేపం దొరికింది.

"ఏం సార్, ఇవాళా లేదా? గుర్రప్పందాల కింద చూశారా? ఏ మూలో ఇరికించే ఉంటారు!"

షాపులో అందరూ పళ్లికిలించారు. ఇంటికొస్తే విన్నీ. "నా కేకు తినడానికొచ్చిందిలే అన్నయ్యా, తిని చక్కా పోయింది."

ఇక తలెత్తుకు తిరగలేక, ఒక శుక్రవారం లయొనెల్ వానలో తడుస్తూ వెళ్లి పోస్టాఫీసు పక్కనున్న టెలిఫోను గదిలోకి దూరాడు. నా వ్యాసం ఎప్పుడు వేస్తారని తనే దేబిరించడానికి అభిమానం అడ్డొచ్చింది. పత్రికాఫీసుకి ఫోను చేసి గొంతు మార్చాడు.

"క్రాస్లీ గారింటి నుంచండీ. నవలలు రాసే క్రాస్లీ గారు. ఆయన మీద మిస్ హార్‌గ్రీవ్ రాసిన వ్యాసం సంగతి..."

అవతల టైపు మిషను చప్పుడు ఆగింది. ఎవరో మగమనిషి గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"అయ్యో పాపం, ఎప్పుడు పోయారండీ... కంపోజు చేసి సిద్ధంగానే ఉంచాం, ఈ ఆదివారమే వేసేస్తాం!"