తడి గోడలు

నీళ్లు పడగానే బకెట్టులోని సున్నం బుస్సుమని పొంగింది. దర్జీ కెవ్వుమని గోడకు అతుక్కుపోయింది.

“దూరం జరగండక్కా, కళ్లలో పడుతుంది!”

గుమ్మంలో ఎవరో అమ్మాయి. ఒక్క కుట్టుమిషను తప్ప ఏమీ లేని గదిని నాలుగు మూలలా కళ్లతోనే కొలుస్తోంది.

“వచ్చావా తల్లీ! సున్నం మేస్త్రి పంపాడా? ఎదురుచూసి నా కళ్లు కాయలు కాశాయి.”

అమ్మాయి ఏదో చెప్పబోయింది.

దర్జీ చెప్పనిస్తేనా!

“రేపు పొద్దున్నే ఓనరుగారు వస్తారు. ఈ పొగమరకలు పోయి గోడలు తెల్లగా కనిపిస్తేనే కొట్టు నాకు. లేదంటే ఇంకెవరో ఉన్నారట, వాళ్లకి. ఈ కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని నేనెక్కడికి పోను, చెప్పు?”

అమ్మాయి ఆ మిషను వంక చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత చొక్కా చేతులు పైకి మడిచింది.

సున్నం చల్లారాక గుడ్డతో వడకట్టింది. గుప్పెడు ఉప్పు కలిపింది. కుంచె పైకి వెళ్లింది, కిందికి వచ్చింది. దానితోపాటే ఒక కూనిరాగం.

దర్జీ ముఖం మాత్రం మాడిపోయింది. మరకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

“సున్నం వేస్తున్నావా, గోడకి స్నానం చేయిస్తున్నావా?”

“ఆరనివ్వండక్కా. తడిగా ఉన్నప్పుడు సున్నానికి సిగ్గెక్కువ.”

“నీ కబుర్లకేం! నా కొంప మునిగితే ఆ రెండో మనిషికి పండగే. ఎవరోగాని, గోతికాడ నక్కలా కాచుక్కూర్చున్నారు!”

కుంచె ఒక్క క్షణం ఆగింది. అమ్మాయి పకపకా నవ్వింది.

“నక్కకీ తలదాచుకునే చోటు కావాలి కదక్కా!”

నాలుగు గోడలూ ముగించి, చేతులైనా కడుక్కోకుండా వెళ్లిపోయింది. ఉడుకుమోత్తనంతో దర్జీ మంచినీళ్లయినా ఇవ్వలేదు.

తెల్లవారి తలుపు తీసేసరికి గది వెన్నెల పోసినట్టుంది. వెతికినా మరక లేదు.

అంతలో నిచ్చెనతో సున్నం మేస్త్రి దిగాడు.

“నిన్న రాలేకపోయానమ్మా, ఏమనుకోకండి... అరె! ఎవరు వేశారిది?”

“నువ్వు పంపిన పిల్లే కదయ్యా!”

“నేనెవర్నీ పంపలేదే!”

వెనకే వచ్చిన ఓనరుగారు గోడలు తడిమి, తృప్తిగా తలూపారు.

“కొట్టు మీదేనమ్మా. దీన్ని అద్దెకు అడిగిన ఇంకో అమ్మాయిని నిన్న గది చూసుకు రమ్మని పంపాను. సాయంత్రం మోచేతులదాకా సున్నంతో వచ్చి, ‘అది అక్కకే ఇవ్వండి, నేను వేరేచోట వెతుక్కుంటాను’ అని నవ్వుతూ వెళ్లిపోయింది.”