టక్కుమంది, తిరగలేదు

"నొక్కు!" అని అరిచి, ఎల్మర్ బండి గోడ మీద రెండు దెబ్బలు వేశాడు.

లోపల జోలీన్ మీట నొక్కింది. జనరేటర్ టక్కుమంది. అంతే. మర తిరగలేదు.

టార్చి పట్టుకున్న వెర్నా కళ్లు మూసుకుని తెరిచింది.

పొద్దున ఏడింటికే క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో గాలి పొయ్యి మూత తీసినట్టుంది. మధ్యాహ్నానికి నలభై నాలుగు డిగ్రీలు దాటుతుందని రేడియోలో చెప్పారు. ఆలోగా ఆమె కూతురు జోలీన్, అల్లుడు డస్టిన్ పది నెలల కోడీని వేసుకుని ఈ ఇంటిబండిలో బయల్దేరాలి. సోమవారం డస్టిన్ టెక్సాస్‌లో పనిలో చేరాలి. ఎనిమిది నెలలు ఖాళీగా కూర్చుంటే దొరికిన పని అది.

బండి డెబ్బయ్యారు నాటిది. డ్రైవరు దగ్గరి ఏసీ ఎప్పుడో చచ్చింది. పైకప్పు మీది ఏసీ నడవాలంటే జనరేటర్ తిరగాలి. చల్లబడ్డాక రాత్రిపూట పోదామంటే, ముందు దీపాల్లో ఒకటి వెలిగితే ఒకటి వెలగదు. ఏసీ లేకుండా పసివాణ్ణి ఈ ఎండలో దాటించడం కుదిరే పని కాదు.

నిన్న సాయంత్రం ఒక్క నొక్కుకే లేచింది ముండ. గంటసేపు గుర్రుమంటూ తిరిగింది. ఇవాళ ఏం మాయరోగం వచ్చిందో!

బండి వెనకవైపు, కోడీ పడుకునే పరుపు కిందే జనరేటర్ అర. అందులోకి భుజాల దాకా దూరి ఉన్నాడు పక్క బండి ఎల్మర్. వెర్నాకిది కొత్త కాదు. మొగుడు హార్లన్ బతికున్నన్నాళ్లూ అంతే. ఆయన ఆ అరలోకి దూరడం, ఈమె పక్కన టార్చి పట్టడం. ఇరవయ్యేళ్లు.

"అత్తయ్యా, వెలుతురు అలా గంతులేస్తుంటే ఆయనకేం కనపడుతుంది?" అన్నాడు డస్టిన్.

"అమ్మ చేతులు వణక్కపోతే ఆశ్చర్యపోవాలి." జోలీన్ కిటికీలోంచి అంది. "పోయిన వారం తేళ్లంది. మొన్న టైర్లంది. రాత్రేమో కోడీ పరుపు దగ్గర పొగ వాసనంటూ ఒకటే గోల. నేను ముక్కు ఆనించి చూశాను బాబాయ్, ఏమీ లేదు."

"పొగొస్తే మోగే అలారం గోడకి ఉందిగా. మోగలేదుగా!" అన్నాడు డస్టిన్.

"అది మీ మామగారు తగిలించింది. అది మాత్రం బతికుందో లేదో ఎవరికి తెలుసు!" అంది వెర్నా.

"పాత బండన్నాక ఏదో ఒక కంపు కొడుతుంది వెర్నమ్మా," లోపల్నించి ఎల్మర్ గొంతు. "నా బండీ కొడుతుంది."

"ఇవాళ పొద్దున నాకు తగిలింది నెయిల్ పాలిష్ వాసనొక్కటే," అంది జోలీన్ నవ్వుతూ. "అమ్మ ఎవరికోసం సింగారించుకుందో మరి."

"నాకోసమైతే ముందే చెప్పాల్సింది. గడ్డం గీసుకొచ్చేవాణ్ణి."

వెర్నా నవ్వలేదు. ఎడమచేయి ఏప్రాన్ జేబులోకి పోయి, మళ్లీ టార్చి మీదికొచ్చింది.

ఎల్మర్ బ్యాటరీ చూశాడు. పన్నెండున్నర వోల్టులు, నిండుగా ఉంది. స్టార్టర్ మీది రెండు బోల్టుల మధ్య స్క్రూ డ్రైవర్ ఆనించాడు. చిటుక్కుమని చిన్న రవ్వ లేచింది. మర కదల్లేదు. సుత్తి అందుకుని స్టార్టర్‌ని నాలుగు బాదాడు.

"లేవవే ముసలిదానా!"

"నన్నేనా?" అంది వెర్నా.

"నిన్ననే ధైర్యం నాకెక్కడిది తల్లీ? దీన్ని."

డస్టిన్ గడియారం చూసుకున్నాడు. ఎనిమిదిన్నర. "ఎర్త్ వైరు చూశావా బాబాయ్?"

టార్చి వెలుగు ఒక్కసారి ఎగిరిపడింది.

"సరిగ్గా పట్టు వెర్నమ్మా... ఆ, అలా." ఎల్మర్ మెడ తిప్పి చూశాడు. "అద్దంలా ఉందిరా. ఎక్కడా తుప్పు మచ్చ లేదు. నిన్న బిగించినట్టుంది. హార్లన్ పనంటే అట్లాగే ఉంటుంది మరి. మెరుస్తున్నదాన్ని విప్పి టైము తగలేయడమెందుకు?"

వెర్నా పెదాలు కదిలాయి. "ప్రభువా, ఈ ఒక్కసారికి నా మాట విను. మళ్లీ ఏమీ అడగను."

"ఆఖరుసారి. జోలీన్, నొక్కు!"

గోడ మీద రెండు దెబ్బలు.

టక్.

ఎల్మర్ వెనక్కి జరిగి బయటికొచ్చి ఇసకలో చతికిలబడ్డాడు. "స్టార్టర్ కాలిపోయిందిరా అబ్బాయ్. మొత్తం కిందికి దించాల్సిందే. పొగగొట్టం, సైలెన్సర్ అన్నీ విప్పి ఒక్కొక్కటీ చూసి ఎక్కించాలి. నాలుగు రోజులు."

డస్టిన్ ఫోను తీసుకుని దూరంగా నడిచాడు. పని ఇస్తానన్నాయన్ని చాలాసేపు బతిమాలాడు. తిరిగొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"వేరేవాణ్ణి పెట్టుకుంటాడట."

జోలీన్ పిల్లాణ్ణి చంకనేసుకుని బయటికొచ్చి, తల్లి భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "నాన్నుంటే ఈపాటికి తిరిగేదమ్మా."

"తిరిగేదే," అంది వెర్నా. కూతురి వీపు నిమిరింది. అల్లుడి ముఖం వైపు మాత్రం చూడలేకపోయింది.

కోడీని తన చేతుల్లోకి తీసుకుని, వాడి నెత్తిన ముద్దు పెట్టుకుని, మెల్లగా లోపలికి నడిచింది. వాడి పరుపు కింది పొగగొట్టాన్ని ఇక ఎల్మర్ విప్పి చూడక తప్పదు. తెల్లారకముందే ఆ ఎర్త్ వైరు విప్పి, కరెంటు సరిగా పారకుండా దాని కొసకి రెండు వైపులా పూసి, ఆరబెట్టి, మళ్లీ బిగించగా మిగిలిన రంగులేని నెయిల్ పాలిష్ సీసాని జేబులోంచి తీసి, చెత్తబుట్ట అడుక్కి తోసేసింది.