చెత్తబుట్టలో చెల్లెలు

"మూడు మెయిళ్ళు పెట్టానండీ! మా బడి పిల్లల ఫోటోకి ఫ్రేము ఎప్పుడిస్తారని. ఒక్కదానికైనా ఉలుకూ పలుకూ ఉండొద్దూ?"

పంతులమ్మ కొట్లోకి వస్తూనే విరుచుకుపడింది. ఫ్రేములమ్మ చేతిలోని గాజుపలకను బల్ల మీద పదిలంగా పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుంది.

"ఒట్టమ్మా, ఒక్కటీ రాలేదు. కావాలంటే నువ్వే చూసుకో తల్లీ."

కంప్యూటరు ఆమె భర్త వ్యవహారం. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆర్డర్ల మెయిళ్ళన్నీ ఆయనే చూసేవాడు. మధ్యాహ్నం భోంచేసి దాని ముందు కూలబడితే ఓ పట్టాన లేచేవాడు కాదు. "పేకాట మొదలెట్టారా?" అని ఆమె లోపల్నుంచి అరిస్తే, "ఆఁ, ఆఁ" అనేవాడు. ఈ చలికాలం మొదట్లో పోయాడు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే మెయిల్ పెట్టె తెరిచి, వచ్చినవి చదివి మూసేయడం వరకే ఆమెకు చేతనైంది.

పంతులమ్మ మౌస్ అందుకుంది. "జంక్‌లో చూశారా?"

"అంటే చెత్తేగా! పనిగట్టుకుని చెత్తలో ఎవరైనా చెయ్యి పెడతారా?"

"మంచివి కూడా ఒక్కోసారి అందులో పడతాయండీ. ఇవిగో, నావి మూడూ!" పంతులమ్మ కోపం దిగిపోయి నవ్వేసింది. "ఇదేంటి, ఇంకొకటుంది. 'అక్కకి' అని."

ఫ్రేములమ్మ బల్ల మీదికి వంగి తెరకేసి చూసింది.

చెల్లెలితో మాటల్లేక ఎనిమిదేళ్ళు. అమ్మ పోయిన రోజు ఆసుపత్రి వరండాలో, అందరి ముందూ, "ఒక్కరోజు ముందొస్తే నీ సొమ్మేం పోయింది?" అంది చెల్లెలు. ఆ మాట ఆమె దిగమింగలేకపోయింది. చెల్లెలి ఫోన్ రాకుండా చేయించింది. తర్వాత మెయిల్ వచ్చిందని భర్త చెప్పబోతే, "దాని రాతలు నా కంటబడకూడదు, చెత్తలో పారెయ్యండి!" అంది. ఆయన వెంటనే ఏదో నొక్కాడు. "ఇకనించి మీ చెల్లెలివన్నీ వాటంతటవే అందులోకి పోతాయి. సరేనా?" అన్నాడు.

కోపం ఎంతకాలం ఉంటుంది? ఏడాది తిరిగేసరికి చల్లారింది. కానీ పంతం ఒకటుందే, అది చావదు! ఆయన ఒక్కసారి "పోనీ, రెండు ముక్కలు రాయరాదూ" అంటే చాలు, రాసేసేది. ఆ మహానుభావుడు ఆ ఊసే ఎత్తలేదు. పీడ విరగడైందని సంబరపడ్డాడు కాబోలని ఆమె ఆయన్ని లోలోపల తిట్టుకుంటూనే ఉంది. ఆయన పోయినప్పుడూ చెల్లెలు రాలేదు. ఇక ఆ బంధం తెగిపోయినట్టేననుకుంది.

"మిగతావేవమ్మా? ఇన్నేళ్ళలో బోలెడు రాసుంటుందిగా?"

"నెల దాటితే ఇందులోవి వాటంతటవే పోతాయండీ. ఇదొక్కటే మిగిలింది."

ఆమె స్టూలు మీద చతికిలబడింది. "అయ్యో, అన్నీ పోయాయా! గోడకి చెప్పుకున్నట్టు ఎన్నేళ్ళు రాసిందో పిచ్చిది. నేనేమో చెవులు మూసుకుని కూర్చున్నాను. నాలాంటి మొండిదాన్ని ఎక్కడైనా చూశావా తల్లీ?"

"తెరవమంటారా?"

"తెరువు. తిట్టినా సరే, ఉన్నదున్నట్టు చదువు. నాకు అక్షరాలు ఆనడం లేదు."

పంతులమ్మ గొంతు తగ్గించి చదివింది.

"అక్కా, బావ పోయిన కబురు నాకు చాలా ఆలస్యంగా, ఎవరో చెబితే తెలిసింది. బయల్దేరదామని బట్టలు కూడా సర్దుకున్నాను. నువ్వెప్పుడూ రమ్మనలేదు, పిలవకుండా ఎలా వచ్చేదని ఆగిపోయాను. ఆ రోజు ఆసుపత్రిలో నోరు జారాను, నిజమే. ఒక్కసారి రమ్మను, రేపే వచ్చి వాలతాను. అమ్మ తర్వాత నాకు నువ్వే కదా."

ఫ్రేములమ్మ భోరుమంది. "చూశావా, రమ్మను చాలంటోంది! ఆయన ఆనాడే ఒక్క మాట చెప్పుంటే అప్పుడే కలిసిపోయేవాళ్ళం. ఆయనకేం పట్టింది? ఆయన పేకాట ఆయనది!"

"ఇంకొక్క వాక్యం ఉందండీ" అంది పంతులమ్మ.

"అదీ చదువు."

"ఇన్నేళ్ళూ నా ప్రతి మెయిలుకీ జవాబు రాసినదానివి, బావ పోయాక ఎందుకక్కా మానేశావు?"