జక్కయ్య పట్టిన హమూర్

జక్కయ్య బొటనవేలిలో గాలం దిగింది. రక్తం ధారగా కయాక్ పడవలోకి కారింది. అయినా ఆయన కెవ్వుమనలేదు. పక్కన అద్దె కయాక్‌లో బామ్మర్ది పాల్ ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు.

పాల్ సరదాకి రాలేదు. అక్క సుసన్న సాక్షిగా పంపితే వచ్చాడు.

ఉద్యోగానికొచ్చిన అరబ్బు దేశంలో, అల్ అజీజియాలో వాళ్ళ ఇంటి హాలు చిన్నది. జక్కయ్య కొన్న కయాక్ పెద్దది. ఏడాదిగా అది సోఫాకీ టీవీకీ మధ్య పడుకుని ఉంది. ప్రార్థనకొచ్చిన వాళ్ళు దాని మీదే కూర్చుంటున్నారు. ఆఫీసులో జక్కయ్య పెద్ద వేటగాడు. ఇంటికి మాత్రం ఇంతవరకు ఎండదెబ్బ తప్ప ఏమీ తేలేదు.

"ఈ శనివారం చేప ఇంట్లోకి రావాలి. రాలేదా, కయాక్ బయటికి పోవాలి" అంది సుసన్న. ఆవిడ అన్నదంటే అన్నదే.

అందుకే ఇద్దరూ పొద్దున్నే అల్ థకీరా తీరంలోని మడచెట్ల పక్కకి వచ్చారు. జక్కయ్య కయాక్‌కి కట్టిన పెద్ద వలసంచి నీళ్ళలో వేలాడుతోంది. ఎరకి తెచ్చిన చిన్న చేపలు బతికుండాలంటే వాటిని అలా నీళ్ళలోనే ఉంచాలి.

"ఎర ఇంకా ఎంతుందో చూస్తానుండు బావా."

"సంచి ముట్టుకున్నావంటే చేతులిరిచేత్తాను. బెదిరి చస్తాయి!"

జక్కయ్య వేలికి రుమాలు చుట్టుకున్నాడు. గిలగిల్లాడే ఎరని గాలానికి గుచ్చి, చెట్ల మొదళ్ళలోకి విసిరాడు. కాసేపటికి గాలం కర్ర విల్లులా వంగింది.

"వేరుకి తగులుకుందేమో బావా!"

"వేరు లాగుద్దేంట్రా ఎదవా!"

జక్కయ్య బలమంతా పెట్టి లాగాడు. కర్ర ఫెళ్ళున విరిగింది. విరిగిన ముక్క వచ్చి మూతి పగలగొట్టింది. ఓ పన్ను ఊడి సముద్రంలో పడింది. కంపెనీ ఇన్సూరెన్స్‌లో పళ్ళు లేవు. ఆ ఊపుకి కయాక్ బోల్తా కొట్టింది. ఎగిరిన తెడ్డు పాల్ చెవి మీద ఠపీమని పడింది. ఫోన్ నీళ్ళలో మునిగిపోయింది.

ఆ తర్వాత జరిగింది యుద్ధమే. నీళ్ళు నురగలు కక్కాయి. ఓసారి జక్కయ్య తల తేలేది, ఓసారి తోక తేలేది. ఆయన దాన్ని వాటేసుకున్నాడు. గుద్దాడు. మొప్పల్లో వేళ్ళు దూర్చి మెలిపెట్టాడు. పెళ్ళయ్యాక ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తాడు.

"నాతోనా? నాతోనా నీకు? యల్లా, రా!"

పాల్ చెవి పట్టుకుని స్తోత్రం చెప్పుకున్నాడు.

చివరికి జక్కయ్య గట్టుకి వచ్చాడు. చొక్కా చిరిగింది. గడ్డం నిండా రక్తం. భుజం మీద చంటిపిల్లాడంత హమూర్ చేప. దాన్ని ఇసకలో పడేసి, రాయి తీసుకుని తల మీద కొట్టడం మొదలెట్టాడు. గోడకి మేకు కొడుతున్నట్టు చప్పుడొచ్చింది.

"అది చచ్చిపోయింది బావా! ఇంకాపు!"

"నీకు తెలీదు, ఊరుకో. ఇయ్యి నటిత్తాయి!"

మరో రెండు దెబ్బలు వేసి, దాన్ని తడి టవల్లో చుట్టేశాడు. పాల్ పట్టుకోబోతే, ముళ్ళు గుచ్చుకుంటాయని తనే మోసుకెళ్ళి కారు డిక్కీలో పడుకోబెట్టాడు.

ఇంట్లో సుసన్న మొగుణ్ణి చూసి గుండె పట్టుకుంది. తర్వాత చేపని చూసింది. ముఖం వెలిగింది.

"నిజంగా ఈయనే పట్టారట్రా?"

వీడియో పోయింది కాబట్టి పాల్‌కి అడ్డులేదు. "అక్కా, అది చేప కాదు, దెయ్యం! బావని కిందకి లాక్కుపోతంటే నేనే దూకి తోక పట్టుకున్నాను. ఎంత కొట్టుకుందనుకున్నావ్! ఆఖరికి నా చేతుల్లోనే ప్రాణం వదిలింది."

జక్కయ్య బామ్మర్ది వంక ఆశ్చర్యంగా చూశాడు. వెంటనే ఔనన్నట్టు తలూపాడు.

"ఉండనివ్వండి మీ కయాక్ ఇంట్లోనే. నేనే ఊరికే నోరు పారేసుకున్నాను" అంది సుసన్న, కళ్ళు తుడుచుకుంటూ.

పులుసుకి ముక్కలు కొడదామని ఆవిడ కత్తి ఎత్తి బలంగా ఒక్కటి వేస్తే, అది వేలెడు లోతు దిగి టక్కున ఆగిపోయింది: చేప లోపలంతా ఇంకా మంచుగడ్డే.