శవపేటికలో మహానటుడు

శవపేటిక మూత కిర్రుమనకుండా లేచింది. ఎలా కిర్రుమంటుంది, మాటలూ చప్పుళ్లూ లేని కాలం నాటి సినిమా అది.

హాల్లో జనం కుర్చీల అంచులకు జరిగారు. వాచీలు బాగుచేసే పెద్దాయన మాత్రం తెర చూడటం లేదు. ముందు వరసలో కూర్చున్న సోఫాల షావుకారు మెడ చూస్తున్నాడు. ఆ మెడ మీద చెమట పడితే చాలు.

పందెం అలాంటిది మరి. హాలు షావుకారుది. ఇన్నాళ్లూ ఆదివారం మధ్యాహ్నాలు పెద్దాయన నడిపే ఫిల్మ్ క్లబ్బుకి ఊరికే ఇచ్చాడు. ఇప్పుడు అందులో సోఫాలు పేర్చుకుంటానంటున్నాడు.

"ఈ మూగ బొమ్మలకి ఎవరు భయపడతారు పెద్దాయనా?"

"మా మహానటుణ్ణి ఒక్కసారి చూడండి. భయపడకపోతే తాళంచెవి మీ చేతిలో పెట్టేస్తా."

"సరే. భయపడితే నేనే ఒప్పుకుంటా, హాలు మీకే వదిలేస్తా. అబద్ధమాడే అలవాటు లేదు నాకు."

తెర మీద మహానటుడు లేచి కూర్చున్నాడు. చచ్చిన దొర వేషం. మైనం ముద్దలాంటి ముఖం. రెప్ప పడదు. ఒక కనుబొమ వెంట్రుకవాసి లేచింది, అంతే, వెనక వరసలో ఒకావిడ కళ్లు మూసేసుకుంది.

ముఖం తెర నిండా పెరిగింది. పెదాలు నెమ్మదిగా కదిలాయి. తెర నల్లబడి అక్షరాలు పడ్డాయి: 'మీ వంశంలో ఒక్కడూ మిగలడు.'

తెర పక్కనే కూర్చున్న సంగీతం టీచరు పియానోని రెండు చేతులా బాదింది. హాలంతా ఎగిరిపడింది.

పెద్దాయన పక్కనున్న కొత్త కోడలు ఎగిరిపడలేదు. నవ్వింది.

మొదట కిసుక్కున. తర్వాత నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. అదీ ఆగక, పొట్ట పట్టుకుని, చీకట్లో గలగలా.

పెద్దాయన గబుక్కున ఆమె వైపు తిరిగాడు. కోడలి దగ్గర ఆ పప్పులుడకవని తెలిసి కూడా "ష్" అన్నాడు. భుజం తట్టాడు. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తూ ఇంకా నవ్వింది.

కొంప మునిగింది, ఇంక సోఫాలే అనుకున్నాడాయన.

ముందు వరసలో దబ్బుమని చప్పుడైంది.

"లైట్లు! లైట్లు వెయ్యండయ్యా!"

లైట్లు వెలిగాయి. కుర్చీ ఒక పక్క, షావుకారు ఒక పక్క పడున్నారు. చొక్కా తడిసి ఆయన ఒంటికి అతుక్కుపోయింది.

"ఎవరు నవ్వింది?"

"మా కోడలండీ. చిన్నపిల్ల, ఏమీ అనుకోకండి..."

"అనుకోడానికి ఏం మిగిలింది? ముందేమో ఆయన శాపం పెడుతున్నాడు, వెనకేమో ఆడగొంతు నవ్వుతోంది. ప్రాణం పోయిందనుకున్నా పెద్దాయనా. భయపడ్డాను. హాలు మీదే. సోఫాలు మా వరండాలో పెట్టుకుంటా. మా ఆవిడ ఏమంటుందో, అదింకో భయం."

క్లబ్బు మొత్తం ఈలలు వేసింది. పియానో హుషారెక్కింది. పెద్దాయన కొడుకు, కొత్త పెళ్లికొడుకు, కుర్చీ ఎక్కి గంతులేశాడు.

పెద్దాయనకీ కాళ్లు నేల మీద ఆనడం లేదు. కానీ లోపల చిన్న ముల్లు. తను ప్రాణంలా చూసుకునే నటుణ్ణి చూసి ఈ పిల్ల అలా నవ్వడమేమిటి?

కోడలికి ఎదురుగా కుర్చీ లాక్కుని, వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చున్నాడు.

"నిజం చెప్పమ్మా. మా మహానటుడు నీకంత వెకిలిగా కనిపించాడా?"

చిన్నప్పుడే జ్వరానికి వినికిడి పోయి, అప్పట్నుంచీ ఎదుటివాళ్ల పెదాలు చూసే మాటలన్నీ చదివేసే కోడలు కళ్లు తుడుచుకుంటూ అంది: "వెకిలా మామయ్యా, 'పెట్టె నిండా చీమలు, పీక్కుతింటున్నాయి, కెమెరా ఆపండ్రా బాబూ' అని బతిమాలుకుంటూ కూడా ముఖంలో ఒక్క గీత చెదరనివ్వలేదే, అలాంటి నటుడు ఇంకొకడు పుడతాడా?"