బాధ తెలియని మాంసం

లెక్చరర్ నోటి దాకా తీసుకెళ్ళిన ముక్కను ఎదుటి కుర్చీలోని ముసలాయన చెయ్యి చాపి ఆపేశాడు.

"ఇది తినకండి బాబూ."

ఫోర్కు పళ్ళెంలో పడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు.

ఓడలో రెండువేల మంది తమకు తోచిన చోట తింటారు. ఈ బల్ల మాత్రం వేరు. ఇక్కడ తినేది పధ్నాలుగు మందే. షుగరున్నవాళ్ళు, ఉప్పు మానేసినవాళ్ళు, పల్లీ తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు లేచేవాళ్ళు, కిడ్నీ మార్పించుకున్న లెక్చరర్. ఇంకా, ఆరుబయట మేసి, హింస లేకుండా కోసిన జంతువు మాంసమైతేనే ముట్టే నలుగురైదుగురు.

వీళ్ళ తిండి సంగతి చూసే సూపర్‌వైజర్ పరుగున వచ్చింది.

"ఏమైంది తాతగారూ?"

"ఈ మాంసం పెట్టకమ్మా. ఇది బెదిరి చచ్చింది."

లెక్చరర్ భార్య నవ్వబోయి ఆగిపోయింది. ముసలాయన ముఖంలో ఎగతాళి లేదు.

"మెనూ కార్డు చూడండి," సూపర్‌వైజర్ ఓపిగ్గా చెప్పింది. "'బాధ తెలియని మాంసం' అని రాశాం. అంతా ఒకే కబేళా నుంచి వస్తుంది. కాగితాలు కూడా ఉన్నాయి."

"కాగితాల సంగతి నాకు తెలీదు. పచ్చి ముక్క ఒకటి చూపిస్తావా?"

చూపిస్తే గొడవ తీరుతుందనుకుంది. వంటశాల గుమ్మం దాకా తీసుకెళ్ళి, ట్రేలో గొర్రె మాంసం తెచ్చి ముందు పెట్టింది.

ఆయన బొటనవేలితో మెల్లగా నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నల్లబడింది చూడు. వేలికి జిగురంటుతోంది," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "లారీలో రెండు రోజులు నీళ్ళు లేకుండా నిలబడింది. తనకంటే ముందు పోయేవాటిని చూసింది. మెడ తిప్పింది. మొదటి దెబ్బకు ప్రాణం పోలేదు."

సూపర్‌వైజర్ ట్రేను కాస్త వెనక్కి జరిపింది.

"ఇలాంటిది ఐసులో పెట్టినా నిలవదు తల్లీ. తొందరగా చెడుతుంది."

వెనక నుంచి చెఫ్ అందుకున్నాడు. "మాంసానికీ జాతకం చెబుతున్నాడా? నా చెయ్యి కూడా చూసి, ప్రమోషన్ ఎప్పుడో చెప్పమనండి."

వంటశాల అంతా నవ్వింది. కాస్త ఆలస్యంగా ఆమె కూడా నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చాడు. మూడో రోజూ వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. మాంసం గది ఇనుప తలుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. పెదాలు కదిలేవి. ఎవరినో ఊరడిస్తున్నట్టు సన్నటి ధ్వని వినిపించేది.

కూరగాయలు తరిగేవాళ్ళు ఆ వైపు వెళ్ళడం మానేశారు.

"ఆయన లోపలున్నవాటితో మాట్లాడుతున్నాడండీ," అన్నారు.

బల్ల దగ్గర ఆయన రొట్టె, అరటిపండు తప్ప ఏదీ ముట్టేవాడు కాదు.

"మీరు అసలు మాంసం తినరా?" అడిగింది సూపర్‌వైజర్.

"ఎన్నడూ తినలేదమ్మా."

"తినడు కానీ తీర్పులు మాత్రం చెబుతాడు," అన్నాడు చెఫ్.

నాలుగో రోజు ఆయన లెక్చరర్ పళ్ళెం లాక్కుని చెత్తబుట్టలో బోర్లించేశాడు.

లెక్చరర్ భార్య ఇక ఊరుకోలేదు. "ఆయన్ని చూస్తేనే తిండి సహించడం లేదండీ. ఆయనుంటాడా, మేముంటామా తేల్చండి."

సూపర్‌వైజర్ ఫిర్యాదు రాసింది. ప్రయాణికులను భయపెడుతున్నాడని రాసి, కింద సంతకం చేసింది.

మర్నాడు పొద్దున్నే ఓడ రేవులో ఆగింది. ఆయన్ని దింపేశారు. చేతిలో ఒక్కటే సంచీ.

మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగాడు.

"నాకేం కోపం లేదు తల్లీ. ఆ బాబుకు మాత్రం పెట్టకు."

"అలాగేలెండి," అంది, పంపించెయ్యడానికి.

ఆ మధ్యాహ్నం లెక్చరర్ తృప్తిగా తిన్నాడు. "ఇవాళ్టికి పీడ వదిలింది," అన్నాడు.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఆయనకే కాదు, బల్ల దగ్గర మాంసం తిన్న అందరికీ.

"మాంసం ముందే చెడిపోయింది," అన్నాడు ఓడ డాక్టరు. "ఎంత ఉడికించినా ఆ విషం పోదు. మిగతావాళ్ళు ఒకటి రెండు రోజుల్లో లేచి తిరుగుతారు. ఈయన ఒంట్లోనే తట్టుకునే శక్తి లేదు."

పడవలో ఒడ్డున ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళారు. భార్య వెంట వెళ్ళింది.

మూడో రోజు తర్వాతి రేవులో ఆవిడ ఒక్కతే తిరిగొచ్చింది. గదిలోకి వెళ్ళి రెండు పెట్టెలూ సర్దుకుంది. ఎదురుపడిన సూపర్‌వైజర్ వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

సూపర్‌వైజర్ నేరుగా ఆఫీసులోకి వెళ్ళి, ఎన్నడూ తెరవని మాంసం కాగితాల ఫైలు తెరిచి, చదివి, కబేళాకు ఫోన్ చేసింది.

అవతల గుమాస్తా పలికాడు.

"మీరు పంపే జంతువులను బాధ లేకుండానే కోస్తున్నారా?"

"కాగితంలో ఉంది కదండీ."

"కాగితం నేనూ చదివాను. కోసేదెవరు?"

అతను గొంతు బాగా తగ్గించాడు.

"ఏడాదిగా అంతా మిషన్లేనండీ. అంతకుముందు ఒక పెద్దాయన ఉండేవాడు. ముప్పై ఏళ్ళు ఆయనొక్కడే కోశాడు. మెడ నిమిరి, జంతువు కుదుటపడ్డాకే కత్తి పెట్టేవాడు. ఆయన చేతిలో ఒక్కటి కూడా బెదరలేదు. మాకు మంచి పేరంటూ వచ్చింది ఆ చేతి వల్లే. త్వరగా కానివ్వమని ఒత్తిడి పెడితే కత్తి కింద పెట్టి వెళ్ళిపోయాడు."

"ఇప్పుడాయన ఎక్కడున్నాడు?"

"అదేమిటండీ, తన పేరు మీద జనానికి ఏం పెడుతున్నారో చూసొస్తానని మీ ఓడే ఎక్కాడు కదా. అక్కడే ఉంటాడు, పిలిచి అడగండి."